మూడు మండలాల మౌనం

రాజమండ్రి ఆసుపత్రిలో, కిడ్నీ డాక్టర్ సాయిదుర్గ గారి గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. తండ్రి, తల్లి, కొడుకు.

ఆదినారాయణరాజు గారికి డెబ్భై ఒకటి. భీమవరం పక్క ఊరు. రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ పొద్దున్నే రెండు మైళ్ళు నడిచే మనిషి. మాఘమాసంలో ఆయన కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. తరవాత మొహం ఉబ్బింది. మూత్రం సబ్బునీళ్ళలా నురగ కట్టింది. ఒకరు గుండె అన్నారు, మరొకరు లివరన్నారు, రెండూ కాదని తేలింది. కొడుకు రామకృష్ణ ఆయన్ని రాజమండ్రి తీసుకొచ్చి పది రోజులైంది. కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఒంటికి బలమివ్వాల్సిన ప్రోటీను రోజుకి తొమ్మిదిన్నర గ్రాములు మూత్రంలో కారిపోతోంది. కిడ్నీలో ఉండే జల్లెడ పాడైందన్నారు డాక్టరు గారు. ఎందుకు పాడైందో మాత్రం తెలియలేదు.

ఆ ముక్క రిపోర్టు ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది.

"రాజుగారూ, ఈ జబ్బు నలుగురికీ వచ్చే రకమైతే రక్తంలో ఒక గుర్తు కనబడాలి. మీకు లేదు. అందుకని ముక్కకి ఇంకో రంగు వేసి చూడమన్నాను. అరుదైన రకం బయటపడింది. మీ వయసు వాళ్ళకి ఈ రకం వస్తే నేను ముందు రెండు కారణాలు వెతుకుతాను. ఒకటి, ఎక్కడో దాక్కున్న కేన్సరు. రెండు, ఒంట్లోకి పాదరసం వెళ్ళడం."

"కేన్సరు వెతికారు కదండి?" అన్నాడు రామకృష్ణ. ఆ మాట పైకి అనడానికి అతనికి పది రోజులు పట్టింది.

"వెతికాను. స్కాన్లు, ఎండోస్కోపీ, ఏ ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. అందుకే రెండోది మళ్ళీ అడుగుతున్నాను. నాటు మందులు, పొడులు, భస్మాలు ఏమైనా వాడారా?"

రాజుగారు నవ్వారు. ఉబ్బిన మొహంలో కళ్ళు మూసుకుపోయాయి.

"ఇది మూడోసారి అడగడం అమ్మా మీరు. నేను మందంటేనే పారిపోయే మనిషినండి. మోకాళ్ళ నొప్పులకని మా బావ బుల్లిరాజు ఏదో పొడి ఇస్తానంటే, నీ పొడి నా రొయ్యలక్కూడా వెయ్యను పొమ్మన్నాను."

ఆయన వెనక కుర్చీలో భార్య అలివేలుమంగ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. బుల్లిరాజు ఆవిడ పెదనాన్న కొడుకు.

"సరే, మందుల సంగతి వదిలేద్దాం," అన్నారు సాయిదుర్గ, కాయితం ముందుకు లాక్కుని. "పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ నోట్లోకి ఏమేం వెళ్తాయో వరసగా చెప్పండి. వక్కపలుకు కూడా వదలొద్దు."

"వేపపుల్ల."

"తరవాత?"

"తీర్థం."

"తరవాత?"

"కాఫీ. పంచదార లేకుండా. అంటే, మా ఆవిడ చూస్తున్నప్పుడు."

"చూడనప్పుడు?"

"అది ఆవిడ ముందు ఎలా చెప్పనండి?"

డాక్టరు గారు నవ్వుతూనే రాసుకున్నారు. ఇడ్లీ, చెరువు దగ్గర గణేష్‌బాబు తెచ్చే టీ, మధ్యాహ్నం అన్నం, పులుసు, మాగాయ, పెరుగు, నాలుగింటికి జంతిక ముక్క. కాయితం నిండింది. తీర్థం అన్న మాట రెండో వరసలోనే వచ్చి వెళ్ళిపోయింది. దాని దగ్గర ఎవరూ ఆగలేదు. ఏ డాక్టరు మాత్రం ఆగుతారు? మనం మాత్రం ఎవరికి చెబుతాం? దేవుడి గదిలోంచి వచ్చినదాన్ని మందుల లెక్కలో వేసుకునే అలవాటు మన ఇళ్ళల్లో లేదు.

అలివేలుమంగ చేతులు సంచీ మీద బిగుసుకున్నాయి.

సాయిదుర్గ పెన్ను కింద పెట్టి, సొరుగులోంచి ఒక ఫారం తీశారు.

"కారణం దొరకలేదు. ఇంకా కూర్చుంటే కిడ్నీలు మనకోసం ఆగవు. ఒంట్లో రక్షణ శక్తిని అణిచిపెట్టే ఇంజెక్షను ఈరోజే మొదలుపెడదాం. దాచకుండా చెబుతున్నాను రాజుగారూ. మీ వయసులో ఇది పెద్ద మందు. మామూలు జలుబు కూడా న్యుమోనియా కావచ్చు. నెలల తరబడి చాలా జాగ్రత్తగా ఉండాలి."

"జాగ్రత్త సంగతి మా మంగ చూసుకుంటుందండి. సంతకం ఎక్కడ?"

ఆయన పెన్ను అందుకున్నారు. వాచిన వేళ్ళ మధ్య అది సరిగా నిలబడలేదు.

అలివేలుమంగకి ఆ క్షణంలో గుర్తొచ్చినవి పాదరసమూ కాదు, కిడ్నీలూ కాదు. మూడు మండలాలు, అంటే నూట ఇరవై రోజులు. అందులో నూట పదకొండు అయ్యాయి, ఇంక తొమ్మిదే ఉన్నాయి. మధ్యలో నోరు జారితే ఫలం పోవడమే కాదు, పుచ్చుకున్నవాళ్ళకి కీడు జరుగుతుందన్నాడు బుల్లిరాజు అన్నయ్య. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నోరు విప్పితే భర్తకి కీడని అన్నయ్య అంటున్నాడు. విప్పకపోతే కీడని ఈ డాక్టరమ్మ అంటోంది. నలభై ఆరేళ్ళుగా రోజూ దీపం పెట్టిన చేతులవి. ఆవిడ మనసులోనే స్వామిని నిలదీసింది. నా నోరు కట్టేసి ఈయన్ని తీసుకుపోయేవాడివైతే, ఇన్నేళ్ళు నేను దణ్ణం పెట్టింది నీకేనా?

సమాధానం కోసం ఆగలేదు.

"ఏవండీ, ఆ పెన్ను కింద పెట్టండి."

ముగ్గురూ తిరిగి చూశారు. ఆవిడ సంచీలోంచి ముందు ఒక స్టీలు మరచెంబు తీసింది, తరవాత చిన్న గాజు సీసా. సీసాలో ఎర్రటి మెత్తటి పొడి. చూస్తే కుంకుమ అనుకుంటారు.

"తీర్థంలో కలిపి ఇచ్చానండి. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని అన్నయ్య ఇచ్చాడు. మీరు ఎలాగూ పుచ్చుకోరు కాబట్టి దేవుడి పేరుతో ఇమ్మన్నాడు. మార్గశిరం నుంచి ఇస్తున్నాను." సీసా బల్ల మీద పెట్టింది. "ఇవాళ పొద్దున్న కూడా ఇచ్చాను."



"ఇక్కడా?" అన్నాడు రామకృష్ణ లేచి నిలబడి. "ఆసుపత్రిలో పడుకోబెట్టాక కూడానా అమ్మా?"

"రోజుకోసారి అన్నాడు అన్నయ్య. కాళ్ళు వాచాక నేనే రెండుసార్లు చేశాను. నా నమ్మకం చాల్లేదేమోనని."

"ఊరూరూ తిప్పాం, ఒళ్ళంతా సూదులు గుచ్చించాం. కేన్సరేమోనని నేను పది రోజులు కంటి మీద కునుకు లేకుండా... మీరు మీ చేత్తోనే నాన్నగారికి..."

"రామకృష్ణా," అన్నారు రాజుగారు. కొడుకునైనా అండి అనడం ఆయనకి పుట్టినప్పటి అలవాటు. "ఆ మాట పూర్తి చెయ్యకండి."

రామకృష్ణ కూర్చున్నాడు.

డాక్టర్ సాయిదుర్గ బల్ల చుట్టూ తిరిగి వచ్చారు. ఈ డాక్టరమ్మ తనని గది బయటికి పొమ్మంటుందనే అనుకుంది అలివేలుమంగ. డాక్టరు గారు వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"అమ్మా, మీరిప్పుడేం చేశారో మీకు తెలియట్లేదు. పది రోజులుగా నేను, నా మిషన్లు, నా స్కాన్లు కలిసి చెయ్యలేని పని చేశారు."

"నేను విషం పెట్టానమ్మా."

"పెట్టారు. తెలియక పెట్టారు, తెలిశాక చెప్పారు. చాలామంది చెప్పరు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగంమంది చివరిదాకా దాస్తారు. ఇప్పుడు వినండి. ఇందులో పాదరసం ఉందని తేలితే, నాకు దొరకగలిగిన కారణాల్లో ఇంతకన్నా మంచిది లేదు. కేన్సరైతే కొయ్యాలి, కాల్చాలి. దీనికి ఆపడమే మొదటి మందు. ఆపితే చాలామందికి ఆ జల్లెడ తనంతట తనే కుదురుకుంటుంది. నెలలు పడుతుంది, నిజమే. కానీ కుదురుకుంటుంది."

ఫారాన్ని డాక్టరు గారు మడిచి సొరుగులో పెట్టేశారు.

"రెండు వారాలు ఇది ఇక్కడుంటుంది. ఈ పొడిని హైదరాబాదు లాబ్‌కి పంపుతాను. మీ రక్తం, మూత్రం కూడా. అందాకా ఇంజెక్షను లేదు."

"అంటే ఆయుర్వేదం అంతా ఇంతేనాండి?" అన్నాడు రామకృష్ణ.

"అలా నేను అనను. నేను చదువుకున్నది అది కాదు. ఈ సీసాలో ఏముందో అదొక్కటే చెప్పగలను."

ఇంతసేపూ రాజుగారు సీసా వైపే చూస్తున్నారు. ఇప్పుడు దాన్ని తీసుకుని వెలుతురులో పెట్టి తిప్పారు.

"మంగా, నేను చెప్పలేదూ? దీన్ని చెరువులో వేసి ఉంటే ఒక్క రొయ్య మిగిలేది కాదు."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను తిట్టండి. తిడితే తేలిగ్గా ఉంటుంది."

"నా మోకాళ్ళ కోసం నూట పదకొండు రోజులు ఒంటిపూట తిన్న మనిషిని ఏమని తిట్టను? వ్రతం అన్నావు, సరే అన్నాను. ఎందుకని నేనూ అడగలేదు." తరవాత నవ్వు లేకుండా అన్నారు. "ఒక్కటి మాత్రం అంటాను. నా నోట్లోకి వెళ్ళేది నాకు చెప్పి పెట్టు. విషమైనా సరే, చెప్పి పెట్టు."

"ఆయ్," అంది ఆవిడ చిన్నపిల్లలా.

గది దాటే ముందు రాజుగారు కొడుకు వైపు తిరిగారు. "ఈ మాట ఇక్కడితో సరి. మీ అమ్మ పేరు ఊళ్ళో నలుగురి నోట్లో పడకూడదు."

"మరి ఆ పొడి ఇచ్చినాయనకి చెప్పొద్దా రాజుగారూ?" అన్నారు డాక్టరు.

"నేను చెబుతానండి."

చెప్పారు కూడా. మర్నాడు ఆసుపత్రి వరండాలోంచి బుల్లిరాజుకి ఫోను చేశారు. ఏం చెప్పారన్నదే ప్రశ్న. బావగారిని వేళాకోళం ఆడొచ్చు, ఎంతైనా ఆడొచ్చు. కానీ భార్య పుట్టింటి పెద్దవాడు, ప్రతి ఏకాదశికీ భజన చేయించి పైసా తీసుకోకుండా పొడి పంచే మనిషి. అలాంటివాడి మనసు నిజంగా నొచ్చుకునే మాట అనడం ఆ ఇళ్ళల్లో లేదు.

"బావా, ఇంక మాకా పొడి అక్కర్లేదండి. చాలు," అన్నారు రాజుగారు.

"చాలా సంతోషం బావా," అన్నాడు అవతల బుల్లిరాజు.

అంతటితో ఆ మాట చెప్పేశాననే అనుకున్నారాయన.

*

పొడి రిపోర్టు పన్నెండో రోజున వచ్చింది. అందులో పాదరసం ఉంది, అది కూడా కొద్దిగా కాదు. రాజుగారి రక్తంలోనూ ఉంది. డాక్టరు గారు ఇంజెక్షను మాట మళ్ళీ ఎత్తలేదు. బీపీ మాత్ర ఒకటి, నీరు తీసే మాత్ర ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఇంకొకటి రాశారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు, పచ్చళ్ళు మానిపించారు. మిగతాదంతా ఓపిక.

ఓపిక పట్టడం మందు మింగినంత సులువు కాదు. వైశాఖంలో ప్రోటీను కొంచెమే తగ్గింది. రామకృష్ణ ఫోను చేసి, ఇంజెక్షను ఇచ్చేస్తే నయమేమోనండి అన్నాడు. ఇంకొక్క నెల చూద్దాం బాబూ అన్నారు సాయిదుర్గ. జ్యేష్ఠం చివర్లో తొమ్మిదిన్నర కాస్తా ఐదుకి దిగింది. మొహం మీద ఉబ్బు పోయి, రాజుగారి బుగ్గల్లో ఎప్పటి గుంటలు కనబడ్డాయి. ఆషాఢంలో ఒక పొద్దున్న ఆయన ఎవరికీ చెప్పకుండా లేచి చెరువు గట్టు మీద సగం దాకా నడిచొచ్చారు. వెనక్కి వచ్చేసరికి అలివేలుమంగ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తీర్థం. నీళ్ళు, తులసి ఆకు, అంతే.

"ఏముంది ఇందులో?" అన్నారాయన కావాలని.

"మీరే చూసుకోండి," అంది ఆవిడ పంచపాత్ర ఆయన ముక్కు దగ్గర పెట్టి.

శ్రావణంలో మళ్ళీ రాజమండ్రి వెళ్ళారు. సాయిదుర్గ రిపోర్టు చూశారు. తరవాత కుర్చీలోంచి లేచి, తలుపు తీసి, బయట ఉన్న నర్సుని పిలిచారు.

"లక్ష్మీదుర్గా, ఇలా రా. ఈయన్ని చూడు. మార్చిలో వీల్‌చైర్లో తీసుకొచ్చావే, ఆ రాజుగారే."

"అయ్యబాబోయ్, ఈయనా! సన్నబడిపోయారేంటండీ!"

"సన్నబడలేదమ్మా, నీళ్ళు కారిపోయాయి. అసలు మనిషినింతే," అన్నారు రాజుగారు.

"ఒకటీ ముప్పావు," అన్నారు సాయిదుర్గ. "తొమ్మిదిన్నర నుంచి ఒకటీ ముప్పావు! రక్తంలో ప్రోటీను దాదాపు మామూలుకి వచ్చేసింది. కిడ్నీల పనిలో లోటు లేదు. ఇంకా తగ్గుతుంది. ఒక్క ఇంజెక్షను లేకుండా రాజుగారూ!"

సొరుగు లాగి, నాలుగు నెలలుగా మడతలోనే ఉన్న ఫారం తీసి, అందరి ముందూ అడ్డంగా చింపేశారు. ఆ ముక్కలు అలివేలుమంగ చేతిలో పెట్టారు.

"ఇది మీది. ఈయన్ని బతికించింది నేను కాదు. ఆ రోజు మీరు నోరు విప్పడం."

ఆవిడ ఆ కాయితం ముక్కల్నే కళ్ళకద్దుకుంది. కీడు జరుగుతుందన్న మాట ఇన్నాళ్ళూ ఆవిడ గుండెల్లో మేకులా ఉంది. మౌనం విడిచిపెట్టిన రోజు నుంచే మేలు జరిగింది. ఏది దేవుడి మాట, ఏది మనిషి మాట అని ఆవిడ ఎవర్నీ అడగలేదు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"మరి ఆవకాయో?" అన్నారు రాజుగారు.

"ఒక్క ముక్క. కడిగి."

"కడిగిన ఆవకాయ తినేకన్నా ఆ ఇంజెక్షనే నయమండి బాబూ."

వచ్చేటప్పుడు కడియంలో కారాపించి, ఆయనే దిగి బేరమాడి ఒక సంపంగి మొక్క తెచ్చి భార్య ఒళ్ళో పెట్టారు. గోదారి ఎర్రగా నిండుగా పారుతోంది. వంతెన మీద ఆవిడ అద్దం దించి ఒక రూపాయి వేసి దణ్ణం పెట్టింది. కారు నడుపుతున్న రామకృష్ణ ముందున్న అద్దంలోంచి అది చూశాడు. నాలుగు నెలలుగా తల్లితో అవసరమైనంతే మాట్లాడుతున్నవాడు, వంతెన దాటాక, "అమ్మా, నన్ను క్షమించండి," అన్నాడు. "నువ్వు అన్నదాంట్లో తప్పేముందిరా?" అంది ఆవిడ. "ఆ రోజు నువ్వు అరవకపోతే నాకు ఏడుపొచ్చేది కాదు."

ఇంటి సందు తిరిగేసరికి సాయంత్రం నాలుగైంది. భజన తాళాల చప్పుడు వినబడింది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. మెట్ల దగ్గర చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. నలభై యాభై జతలుంటాయి.

"ఇదేంటండి, ఏదైనా శుభకార్యమా?" అన్నాడు రామకృష్ణ.

కారు దిగగానే బుల్లిరాజు ఎదురొచ్చాడు. తెల్ల పంచె, నుదుట నామం, మొహం నిండా సంతోషం. బావగారిని గట్టిగా కౌగలించుకున్నాడు.

"రిపోర్టు బాగుందని రామకృష్ణ ఫోనులో ఇంట్లోవాళ్ళకి చెప్పాడట, విన్నాను బావా. ఇవాళ ఏకాదశి కూడానూ. ఇక మా ఇంట్లో ఎందుకు, మీ వాకిట్లోనే భజన పెట్టేద్దామన్నాను. నా పొడిని రొయ్యలక్కూడా వెయ్యనన్నావు. ఏమైందిప్పుడు? మోకాళ్ళేంటి, కిడ్నీలే బాగుపడ్డాయి!"

రాజుగారు మెల్లగా ఆ కౌగిలి విడిపించుకున్నారు.

"నువ్వు చాలు, అక్కర్లేదు అన్న రోజే అనుకున్నాను, గుణం కనబడిందని. మీ ఇద్దరి పేరూ చెప్పే ఇస్తున్నాను అందరికీ. ఇదివరకు ఏకాదశికి పదిమంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు పక్క ఊళ్ళ నుంచి ఆటోల్లో వస్తున్నారు."

షామియానా కింద జనం వరసగా నిలబడి ఉన్నారు. బల్ల మీద తేనె గిన్నె, దాని పక్కన ఎర్ర పొడి పళ్ళెం. వరసలో ముందు నిలబడింది శ్రీదుర్గ. చెరువుల దగ్గర పనిచేసే గణేష్‌బాబు భార్య. నాలుగేళ్ళ తరవాత నిలిచిన కడుపు, ఐదో నెల. అరచేతిలో పొడి పట్టుకుని, కళ్ళు మూసుకుని నోటి దాకా తీసుకెళ్ళింది.

సంపంగి మొక్క కారు దగ్గరే పడిపోయింది. అలివేలుమంగ పరిగెత్తి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. పొడి నేల మీద రాలింది. తాళాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"చెల్లెమ్మా, ఏంటిది?" అన్నాడు బుల్లిరాజు. కోపంగా కాదు, భయంగా. "ప్రసాదం నేలపాలు చేస్తావా?"

రాజుగారు ముందుకు కదిలారు. "మంగా, నువ్వు లోపలికి వెళ్ళు. తప్పు నాది. నేను చెబుతాను."

"ఒద్దండి. ఈ మాట నాది," అంది ఆవిడ.

బల్ల ముందు నిలబడింది. అందరూ తెలిసిన మొహాలే. వాళ్ళలో సగంమంది ఆవిడ చేతి పసుపు కుంకుమ తీసుకున్నవాళ్ళు.

"ఈయన బాగుపడింది ఈ పొడి తిని కాదు, మానేసి. ఇందులో పాదరసం ఉందని లాబ్ వాళ్ళు రాసిచ్చిన కాయితం మా ఇంట్లో ఉంది. ఇది తినే ఈయన కిడ్నీలు చెడిపోయాయి. తీర్థంలో కలిపి, ఆయనకి తెలియకుండా పెట్టింది నేను. మా పరువు కోసం నాలుగు నెలలు మీ దగ్గర దాచింది కూడా మేమే."

వరసలో వెనక ఉన్న ఒక ముసలాయన అరచేతిలో పొడిని చూసుకుని, మెల్లగా చెయ్యి బోర్లించాడు. ఆ పక్కనున్న ఇంకొకాయన కూడా. బుల్లిరాజు బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

అలివేలుమంగ చేతిలో ఇంకా ఆ పిల్ల మణికట్టు ఉంది.

"అమ్మగారూ," అంది శ్రీదుర్గ, ఆవిడకి మాత్రమే వినబడేటట్టు. "నేను రెండు నెలల్నుంచి రోజూ తింటున్నానండి."